నూట డెబ్బై మూడో రోజు

సుబేదారిల నా దుకాణం.
కోర్టు గోడకు ఆనుకొని రెండు జిరాక్స్ మిషన్లు,
ఒక లామినేషన్, తిరిగినట్టు చేసే ఫ్యాను.
డెల్‌బర్ట్ సారు స్టూలు మీద కూసొని
అడగకముందే చెప్తడు:
"నూట డెబ్బై మూడు."
తెలుగుల అంకెలే నేర్చిండు.
ఇంకేం నేర్వలేదు, అవసరం గూడ పడలేదు.
నూట ఎనభై నిండేలోపు దేశం దాటాలె.

అమెరికాల బట్టల మిల్లుల
సాంచెలు బాగుజేసెటాయన, ముప్పై ఎనిమిదేండ్లు.
మిల్లు మూతబడ్డది.
పింఛను అక్కడ ఒక్క అద్దెకు చాలదు,
ఇక్కడ మూడు అద్దెలకు చాలుతది.
అయితే వరంగలే ఎందుకు సారూ అంటే
"ఇంట్ల జంపఖానా ఉండె.
దాని వెనుక చీటీ మీద ఈ పేరుండె" అన్నడు.

కొత్తవాడల ఆడెపు సదానందం మేడ మీది అర్రల దిగిండు.
దిగిన దినమే సదానందం ఉరికొచ్చిండు:
"ఇరవై నాలుగు గంటలల్ల ఆన్‌లైన్ల ఎక్కియ్యాల్నట,
లేకుంటే నన్ను లోపలేస్తరా వనమాలా?"
ఫారం సి నేనే నింపిన.
పాసుపోర్టు ఫోటోల సారు నవ్వలేదు.
నవ్వద్దని రూలట.

ఆయన బ్యాంకు ఓటీపీ
ఆయన చెల్లె వంటింట్ల డ్రాయర్ల మోగుతది.
అక్కడ అర్ధరాత్రి. ఆమె లేచి అంకెలు చదివేసరికి
ఇక్కడ టైము అయిపోతది.
ఇంకోసారి నొక్కు సారూ, అంట నేను.
ఇంకోసారి లేపుతడు.

మొన్న ఛాతిల పట్టేసినట్టయితే
హంటర్ రోడ్డు దవఖానల కౌంటరు పిల్ల
ఇన్సూరెన్స్ కార్డు అడిగింది.
ఎర్ర గీత, నీలి గీత ఉన్న కార్డొకటి తీసిండు.
నెలనెలా దానికి పైసలు కట్టుకుంటనే ఉన్నడు,
సముద్రం దాటితే అది బుక్కులో పెట్టుకునే నెమలీక.
నగదు కట్టిండు. గ్యాసు అని తేలింది.

మడికొండ దిక్కు వంద గజాలు చూపిచ్చిన బ్రోకరు
"నీ పేరు మీద కాకుంటే మా బామ్మర్ది పేరు మీద" అన్నడు.
ఆ మాట నేను ఇంగ్లీషుల చెప్పలేదు.
చెయ్యి పట్టుకొని బయటికి తీస్కపోయిన.

ఒక్కటే నేను ఆపలేకపోయింది:
సదానందం గుంట మగ్గం.
నాడె పోయేటప్పుడు ఎక్కడో ఒక తప్పు చప్పుడు.
ఆ చప్పుడుకు పైఅర్రల సారుకు నిద్ర పట్టదు.
"టూరిస్టు వీసా మీద పని చేయద్దు సారూ" అని
పదిసార్లు చెప్పిన.
పదకొండో రాత్రి దిగి, గుంటల కాళ్లు పెట్టి
తెల్లారేదాక మరమ్మతు చేసిండు.
కూలి తీసుకోలేదు. చాయ్ తాగిండు.
చాయ్ కూలి కిందికొస్తదా?
మా కోర్టుల ఏ వకీలు సక్కగ చెప్పలేదు.

అమెరికా నుంచి ఒక కాయితం వస్తది:
నువ్వు బతికే ఉన్నవా?
సంతకం పెట్టి తిప్పి పంపాలె, లేకుంటే పింఛను బంద్.
దాన్ని రెండు కాపీలు తీపిచ్చుకొని
ఒకటి జేబుల పెట్టుకుంటడు,
తనకే ఎన్నడన్న అనుమానమొస్తే చూసుకుంటందుకేమో.

ఇయ్యాల తెచ్చింది వేరే కాయితం. తనే టైపు చేసిండు.
నేను ఇక్కడ చస్తే:
హైదరాబాదు కాన్సులేటుకు ఫోన్ చేయండి.
పీనుగను పంపుతందుకు నా రెండేండ్ల అద్దె అయితది,
పంపకండి. ఇక్కన్నే కాల్చండి.
వాళ్లు మరణ పత్రం ఇస్తరు,
ఇరవై కాపీలు తీయండి, బ్యాంకోళ్లు అసలుది అడుగుతరు.
మొదలు ఎవరికి చెప్పాలె:
పేరు వనమాల. నంబరు నాదే.
రిలేషన్: జిరాక్స్.

నవ్విన. మళ్ల దిద్దుదామని మౌసు పట్టుకున్న.
బిడ్డ అని రాస్తే అబద్ధం, దోస్తు అని రాస్తే తక్కువ,
కస్టమరు అని రాస్తే నా నోట్ల మన్ను.
అట్లనే లామినేషన్ల పెట్టిన.
వేడికి ఒక మూల కొంచెం వంగింది.

రేపు కొలంబో టికెట్ ప్రింటు తీసుకుంటందుకు వస్తడు.
ఒక్క దిక్కా, రెండు దిక్కులా అని
ఎవరొచ్చినా అడిగేదే.
రేపు గూడ అడగాలె.