రెప్పపాటు పొడవు

నంబూరు దాటాక, కాజ టోల్‌గేటుకి ఇవతల
రాత్రి పదింటికి ఒక వరస రోడ్డు మూస్తాం.
ముప్పైతొమ్మిది కోన్లు.
కోనుకీ కోనుకీ మధ్య ఆరంగలు.
మొదటి కోనుకి ముందు బోర్డు,
బోర్డుకి ముందు నేను,
నాకు ముందు చీకటి.

"బండ్లకి వీపు చూపించమాక" అని
నాకు నేర్పినవాడు యలమంద.
"పెళ్లాం ఫోను చేసినా, కాళ్లమీద పాము పాకినా
మొహం మాత్రం అటే ఉండాల."
ఆయన రేడియం జాకెట్టే ఇప్పుడు నా ఒంటిమీద.
కాలరు లోపల మార్కరుతో రాసుకున్న పేరు
ఎన్నిసార్లు ఉతికినా పోలేదు.
ఎట్లా పోయాడని కొత్త కుర్రాళ్లు అడుగుతారు.
నీళ్లసీసా కోసం వంగాడు,
అంతే, అంటాను.

మిర్చి లోడు వస్తుంటే
లైట్లకంటే ముందు ఘాటు వస్తుంది.
తుమ్ము ఆగక జెండా అడ్డదిడ్డంగా ఊగితే
డ్రైవర్లు హడలిపోయి బ్రేకు తొక్కుతారు.
"లోకానికి అపశకునంగానీ
మనకి నీ తుమ్మే రెండో జెండారా జక్రయ్యా"
అని మేస్త్రీ నవ్వుతాడు.

ఆ రాత్రి గాలి అటు తిరిగింది.
ఘాటు రాలేదు. హారను రాలేదు.
రెండు లైట్లు
మళ్లింపు బాణాన్ని చదవకుండా
తిన్నగా వచ్చాయి.
ఈల ఊదాను. ఊదుతూనే మట్టిలోకి దూకాను.
టప్, టప్, టప్,
చక్రాల కింద ఒక్కో కోనూ.
పన్నెండోదాని దగ్గర సలోమి,
చేతిలో చీపురు, చెవుల్లో రోలరు మోత.
తన నీడ ఉన్నట్టుండి నల్లబడటం చూసి
వెనక్కి తిరిగింది.

లారీ ఆగింది.
ఒక టిక్కీ తాడు తెంచుకుని
రోడ్డుమీద ఎర్రగా ఒలికింది.
మిరపకాయలే.
అయినా అందరం ఒక క్షణం చూడలేదు అటు.

తిట్టడానికి నోళ్లు తెరిచాం.
దిగినవాడికి పాతికేళ్లుండవు.
పేరు సుభానీ, ఊరు సత్తెనపల్లి.
మోకాళ్లు నిలవక డోరు పట్టుకునే ఉన్నాడు.
"నిద్ర కాదన్నా" అన్నాడు,
"రెప్ప. ఒక్క రెప్పే."
పగలంతా యార్డులో లోడింగు కోసం పడిగాపులు,
తెల్లారేసరికి తుని దాటాలని ఓనరు ఫోన్లు.
లోపల సెల్లు ఇంకా మోగుతూనే ఉంది.
సలోమే వాడికి నీళ్లిచ్చింది.
సగం చొక్కామీదే పోసుకున్నాడు.
ఆ తర్వాత ఆమె రోడ్డువారగా వెళ్లి
ఎవరూ చూడకుండా వాంతి చేసుకుంది.

తెల్లవారుజామున నేను నడిచి కొలిచాను.
రెప్పపాటు, రెప్పపాటు అంటాం గదా
అదేదో కాలమన్నట్టు.
దాని పొడవు నేను చెబుతా:
పదకొండు కోన్లు.
అరవైఆరు అంగలు.
అరవైఏడో అంగలో సలోమి.

జీపులో సారొచ్చి నలిగినవాటి లెక్క రాసుకున్నాడు.
బోర్డు ఇంకా రెండొందల మీటర్లు వెనక్కి జరపమన్నాడు.
జరిపాం.
ఆరిపోయిన దీపాలకి బ్యాటరీలు అడిగాం.
వస్తాయన్నాడు.
పదకొండింటిలో ఆరింటిని
లోపలికి కాలుపెట్టి తన్ని నిలబెట్టాను.
కుంటివాటిలాగే నిలబడ్డాయి.
సలోమి ఇప్పుడు వెనక్కి నడుస్తూ ఊడుస్తుంది,
మొహం బండ్లకేసి పెట్టి.
దుమ్మంతా ఆమె చీరకే.

మొన్న రాత్రి ఒక మిర్చి లారీ
బోర్డు దగ్గరే గేరు తగ్గించి
కోను కోనునీ పలకరిస్తున్నట్టు వచ్చి
నా ముందు లైట్లు రెండుసార్లు ఆర్పి వెలిగించింది.
సుభానీయో, కాదో.
లైట్ల వెనక మొహం మాకెప్పుడూ కనపడదు.
వాళ్లకి మాత్రం మేమేంటి,
నడిచే రెండు మెరుపు పట్టీలం.
జెండా ఎత్తాను.
ముక్కు మండింది, కళ్లు కారాయి.
రెప్ప మాత్రం వెయ్యలేదు.