చెత్తబండి పుట్టినరోజు

కేకు మీద ఏ బొమ్మ కావాలని అడిగాను.
సింహం అంటాడనుకున్నా. పోనీ, రాకెట్టు.
చెత్తబండి అన్నాడు అన్సెల్మో.
ఐదో ఏట పడబోతున్నవాడు
క్షణం కూడా ఆలోచించకుండా అన్నాడు,
ఎప్పుడో తేలిపోయిన సంగతి మళ్లీ అడిగినందుకు
నా మీద కాస్త జాలిపడుతూ.

మా అత్తగారు ఓర్టెన్సియా ముక్కు మీద వేలేసుకుంది.
"లోకంలో బొమ్మలకి కరువొచ్చిందా?
నలుగురూ వస్తారు, ఫొటోలు తీస్తారు!"
ఆవిడ కొనుక్కొచ్చిన బంగారు కాగితం కిరీటం
ఫ్రిజ్ మీద పది రోజులు అలిగి కూర్చుంది.

వల్పరాయిసోలో మా ఇల్లు కొండ మీద.
బండికి మెట్లెక్కడం రాదు.
మంగళవారం, శుక్రవారం కింద రోడ్డు మలుపులో
వెనక్కి వెనక్కి వస్తూ పీప్ పీప్ మంటుంది.
ఆ కూత వినబడితే చాలు,
వీడు పాలగ్లాసు వదిలేసి కిటికీకి అతుక్కుంటాడు.
నారింజ చొక్కా ఆయన పేరు ఎర్విన్ అని
ఆరేళ్లుగా ఇక్కడున్న నాకు
వీడు చెబితేనే తెలిసింది.

రుపెర్తో గారి కొట్లో ఫ్రిజ్ అట్టపెట్టె అడిగి తెచ్చాను.
నూట పన్నెండు మెట్లు.
సగం దారిలో గాలి దాన్ని తెరచాప అనుకుంది,
నన్ను పడవ అనుకుంది.
పక్కింటివాళ్ల కిటికీలకి వేయగా మిగిలిన ఆకుపచ్చ రంగు
తలుపు దాకా వచ్చి అయిపోయింది,
అక్కణ్నించి నీలం.
చక్రాలు పిజ్జా అట్టలు. ఒకదాన్ని కుక్క కొరికింది.
రాత్రి ఒంటిగంటకి వేడి జిగురు వేలికంటుకుని
ఎవరూ వినకూడని మాట అన్నాను.
రేవులో రాత్రి డ్యూటీ దిగొచ్చిన మా ఆయన
పెట్టె చుట్టూ ఒకసారి తిరిగాడు,
ఏమీ అనలేదు,
తన సైకిలు దీపం విప్పి దాని నుదుట బిగించాడు.

కేకు కుడివైపు కుంగిపోయింది.
ఆ గుంటలో బిస్కెట్ల పొడి, జెల్లీ అరటితొక్కలు,
తెల్ల చాక్లెట్‌తో ఒక చేపముల్లు.
కూలిన కేకుకి చెత్తని మించిన ముసుగేముంది?

తొమ్మిదిమందిని పిలిస్తే ఆరుగురొచ్చారు.
నేల నిండా నలిపిన కాగితాలు పోసి
డబ్బాలోకి గురిచూసి వేయండి అని ఆట చెప్పాను.
వాళ్లు వినలేదు. ఊడ్చుకుపోయారు.
కాగితాలు, ఫోను ఛార్జరు, ఇంకా తెరవని బహుమతి ఒకటి,
ఓర్టెన్సియా ఎడమకాలి చెప్పు.
చెప్పు కోసం ఆవిడ వెనకాలే పరిగెత్తింది.
మైలెన్, గాస్పర్ లోపల కూర్చున్నారు, బండి కదలట్లేదు.
అప్పుడు ఆవిడ అరచేత్తో పెట్టె మీద రెండు దెబ్బలు వేసి,
"పోనీ!" అని అరిచింది,
అచ్చం ఎర్విన్‌లాగే.
ఎన్నాళ్లనించి చూస్తోందో, ఏ కిటికీలోంచో.
కిరీటం ఎవరు తీసిచ్చారో నాకు తెలియదు,
సాయంత్రానికి అది బండి నెత్తిన ఉంది.

వెళ్లేటప్పుడు పిల్లలకి బుల్లి నల్లసంచుల్లో మిఠాయిలు కట్టిచ్చాను.
ఒక నాన్న పొరపాటున నిజం డబ్బాలో పడేశాడు.
మోచేతి దాకా చెయ్యి పెట్టి వెతుకుతుంటే
పిల్లలందరూ ఆయన్ని గౌరవంగా చూశారు.

ఆదివారం వాన, కిటికీ తెరిచే ఉంది.
సోమవారానికి బండి నడుం విరిగింది.
మంగళవారం, వాడు లేవకముందే
గుట్టుగా మడిచి గడప దాటబోతుంటే
వెనక చిన్న గొంతు. "ఎక్కడికి?"
అబద్ధం కోసం తడుముకున్నాను. దొరకలేదు.
"ఎర్విన్ వచ్చే వేళయింది," అన్నాడు,
ఒక కొస తనే పట్టుకున్నాడు.

ఎర్విన్ అట్టని అటూ ఇటూ తిప్పి చూశాడు.
చేతి తొడుగులు తీసి, దీపం విప్పి
వాడి చేతిలో పెట్టాడు.
తర్వాత ఆ ఇనుపనోరు మెల్లగా మూసుకుంది.
ఆకుపచ్చ, నీలం, కొరికిన చక్రం.
నేను సముద్రం వైపు తిరిగి నిలబడ్డాను,
గాలి కళ్లలో కొడుతోంది అనుకోవచ్చు ఎవరైనా.
వాడు చప్పట్లు కొట్టాడు.
"అమ్మా! బండి బండిని తినేసింది!"

తిరిగి ఎక్కేటప్పుడు నా చెయ్యి పట్టుకోలేదు.
దీపం ముందుకి పట్టుకుని
నూట పన్నెండు మెట్లూ
వెనక్కి వెనక్కి ఎక్కాడు,
పీప్ పీప్ మంటూ.
నేను పక్కకి తప్పుకుని దారిచ్చాను.