ఫుట్ వాల్వు

ముప్పై ఏండ్లు బాయిలల్ల మోటర్లు దించినోణ్ణి.
నాంపల్లి, మర్రిగూడ, చండూరు దిక్కు
ఏ చెల్క కింద నీళ్లు ఎన్ని గజాల లోతుల ఉంటయో
నా భుజాలకు ఎరుక.
ఆ నీళ్లే తాగిన.
అవి ముందు పండ్ల మీద పచ్చగ రాసినయి,
తర్వాత ఎన్నుల గడ్డకట్టినయి.
నలభై తొమ్మిదో ఏట
ఒక పొద్దున మోకాళ్లు నా మాట ఇనలే,
మాపటికి ఉచ్చ ఇనలే.

నల్లగొండ పెద్దదవఖానల
పన్నెండో నంబరు మంచం కడ్డీకి
ఒక సంచి తగిలిచ్చిర్రు. రెండు లీటర్లది.
మీద గీతలు: వంద, రెండొందలు, మూడొందలు.
బతుకంత నీళ్లను ఇంచుల్ల చెప్పినోణ్ణి,
ఇప్పుడు నన్ను గీతలల్ల చదువుతుర్రు.

చూడొచ్చినోళ్లకు కనబడొద్దని
అండాలు దాని మీద తువ్వాల కప్పింది.
ఫర్హానా సిస్టర్ వచ్చి తీసేసింది:
"రంగు కనబడాలె అక్కా.
ఎర్రగొస్తుందా, మడ్డిగొస్తుందా చూడాలె.
సిగ్గుకు కప్పితే జెరానికి దావ ఇచ్చినట్టే."

ఇంటికి పోయే నాడు ఆటోల
మా బామ్మర్ది లింగస్వామి
సంచిని కింద పెడితే అవమానమైతదని
మర్యాదగ నా కడుపు మీద పెట్టిండు.
ఊరు దాకా గుంతలే.
గుంత గుంతకు
పోయింది మల్ల లోపటికే వచ్చింది.
మూడో నాడు
నాలుగు దుప్పట్లు కప్పినా ఆగని వణుకు,
మంచం కోళ్లు టకటక కొట్టుకున్నయి.

మల్ల అదే వార్డు. సిస్టర్ తిట్టలే.
కొత్త సంచి చింపుకుంట అన్నది:
"దీన్ల వాల్వున్నది. పోయింది ఎనుకకు రాదు."

వాల్వు!
ఇన్ని దినాలకు ఆ దవఖానల
నాకు తెలిసిన మాట ఒకటి ఇనబడ్డది.

మార్చిన నాడు పాతది కడిగిచ్చి అడుక్కున్న.
గొట్టం దిగే కాడ వేళ్లతోని తడిమిన.
ఉల్లిపొర అసుంటి రెండు రేకలు,
చాప నోరు లెక్క.
పైనుంచి వస్తె తెరుసుకుంటది,
కిందికెల్లి నూకితె మూసుకుంటది.
ఇనుము లేదు, స్ప్రింగు లేదు, తోలు బిళ్ల లేదు.
ఎవడు చేసిండో గని
వాడు కూడ ఒకనాడు బాయి గట్టు మీద కూసోని
పైపుల పట్టిన నీళ్లు జారిపోంగ
బూతులు తిట్టినోడే అయ్యుండాలె.

"వాల్వున్నదని మీదికి లేపొద్దు," అన్నది సిస్టర్.
నాకు చెప్తున్నవా బిడ్డా.
వాల్వును నమ్మి
పైపు తలకిందులు పెట్టినోణ్ణి నేనింత వరకు చూడలే.

ఇప్పుడు ఇంట్ల నా మంచం పట్టెకు
నేనే వంచిన తీగ కొక్కెం.
నడుముకు మూరెడు కింద,
నేలకు జానెడు మీద.
గొట్టం మడత పడితే
ఎవరి కన్నా ముందు నా చెయ్యి పోతది.
అండాలు సబ్బుతోని చేతులు కడుక్కోని
కింది మూత ఇప్పుతది, మల్ల కడుక్కుంటది,
నా బాకీల బుక్కుల లెక్క రాస్తది.
పైన నా రాత:
సత్తిరెడ్డి మోటరు, ఆరొందలు. రాలే.
దాని కిందనే ఆమె రాత:
పొద్దున, ఆరొందలు. వచ్చినయి.

నిన్న ముత్యాలు కొడుకొచ్చిండు.
"మామా, మోటరేస్తె ఉత్త గాలే కొడ్తున్నది."
పండుకోనే అడిగిన:
"నిండ పోసినంక నీళ్లు నిలబడుతున్నయా?"
"నిలబడ్తలేవు."
"ఫుట్ వాల్వుల రాయి ఇరికింది. తీసి కడుగు, పో."
వాడు పోలే.
మంచం పట్టె దిక్కు చూసి చూపు తిప్పుకున్నడు,
మల్ల చూసిండు.
"ఏందిరా, గిట్ల రా," అని
రేకలున్న కాడ వేలు పెట్టి చూపెట్టిన.
వాడు మోకాళ్ల మీద కూసోని
చాన సేపు చూసిండు.

"దీనికి వాసరుండదా మామా?" అన్నడు.