నాలుగో ప్రశ్న

శుక్రవారం, రువిలో షట్టర్లు సగం దించుకున్న వేళ
టైలర్ షాపు పైగదిలో మా తెలుగు బడి.
ఏసీ మోతలో ఒత్తులు వినపడవని
పరీక్ష ఉన్నంతసేపూ దాన్ని ఆపేస్తాను.
నేనూ ఆ చెమటలోనే కూర్చుంటాను, అది న్యాయం.

ఇవాళ కెజియా. మూడో తరగతి.
ఊరు రాజోలు దగ్గర లంక, చెప్పుకోవడానికి.
నా చేతిలో గళ్ళ కాగితం:
నిమిషానికి పదాలు, తప్పులు, వదిలేసినవి, తనే దిద్దుకున్నవి.
కింద అయిదు ప్రశ్నలు, పక్కనే జవాబులు,
నాకు తెలియవన్నట్టు.

ఫోన్లో గడియారం నొక్కాను.

ముందు వేలు వరస కుడి చివర పెట్టింది
(బళ్ళో అరబ్బీ పీరియడ్ అలవాటు)
నా కనుబొమ్మ కదిలేలోపే ఎడమకి లాక్కుంది.
ఒక్క అక్షరమూ పలక్కుండా దిద్దుకున్న తప్పు.
దీన్ని ఏ గడిలో రాయను?

"సో... ములు. సోములు అవ్వకి మందు తే... వడానికి వెళ్ళాడు."
ఒడ్డు దగ్గర తడబడింది. ఒడు అంది,
తల అడ్డంగా ఊపి, వెనక్కి నడిచి, ఒడ్డు అంది.
కళ్ళని కల్లు అంది. నేను నవ్వలేదు, గీత పెట్టాను.
"వాగు పొంగింది" మాత్రం
ఎక్కడా ఆగకుండా
గొంతు కాస్త తగ్గించి చదివింది.

నిమిషానికి నలభై ఒకటి. తప్పులు ఆరు.
దిద్దుకున్నవి రెండు, ఆ వేలిని కలిపితే మూడు.

పుస్తకం మూసి అడిగాను.
అవ్వకి ఏమైంది? జ్వరం.
సోములు ఏం తెచ్చాడు? మందు సీసా.
మందు చేదుగా ఉందా? అది వల వేసిన ప్రశ్న.
"కథలో లేదు కదా" అంది. నిజమే, లేదు.

సోములు ఒడ్డున ఎందుకు ఆగిపోయాడు?

"లోపల వాగుతున్నారు కదా టీచర్.
అది అయిపోయాక వెళ్దామని."

ఎవరు?

"పెద్దవాళ్ళు. బాగా పొంగింది కదా,
అప్పుడు వెళ్తే మందు ఒలికిపోతుంది."

మాది ఇల్లెందు. వాగంటే నాకు
చీర మోకాళ్ళ దాకా ఎత్తి చెక్కి
చెప్పులు చేత్తో పట్టుకుని
అవతలి ఒడ్డుకేసి చూసే మా అమ్మ.
లంకలవాళ్ళకి కాలువలు, రేవులు, గోదారి పాయలు.
ఆ ఇంట్లోకి ఈ మాట
"ఇంక వాగకు" అన్నప్పుడే వచ్చి ఉంటుంది,
గోడకి అటువైపు నుంచి.

వాళ్ళుండే పేట వాదీ కబీర్.
పెద్ద వాగు అని దానర్థం.
వానొస్తే స్కూలు బస్సు
ఎరుపు తెలుపు గుంజల దగ్గర నిలిచిపోతుందనీ తెలుసు తనకి.
రెండూ ఒకటేనని చెప్పబోయాను.
చెబితే సరైన జవాబే వచ్చేది,
సాయం చేశాను గనక నేనే కొట్టేయాల్సిన జవాబు.

కాగితం ప్రకారం సున్నా.
పొంగడం తెలుసు. ఒడ్డు తెలుసు.
తీసేదాకా నిలబడాలని తెలుసు,
చేతిలోది ఒలకకూడదని కూడా.
పెన్ను మూత పెట్టాను, తీశాను, పెట్టాను.
గడి అలాగే ఉంది.

తండ్రి వచ్చాడు, క్రేన్ డ్యూటీ చొక్కాతోనే.
"ఎలా చదివిందండీ? ఇంట్లో అసలు నోరు విప్పదు."
నలభై ఒకటండీ అన్నాను.
"ఎన్నింటికి?"
నిమిషానికి.
ఆయన ఇంకా నిలబడే ఉన్నాడు.
నేను ఇంకో వాక్యం కోసం తడుముకుంటున్నాను.

గుమ్మం అవతల, మెట్టు మీద,
కెజియా చెప్పులు తొడుక్కోకుండా
చేత్తో పట్టుకుని
మా మాటలు అయ్యేదాకా ఆగింది.