తల చుట్టుకొలత

రంగు తర్వాత చూద్దువు గంగోత్రీ,
ముందు నీ తల ఎంతుందో చూద్దాం.
టైలరు టేపు తెచ్చినా, కదలొద్దు.
కనుబొమ్మలకు వేలెడు పైన,
చెవుల మీదుగా, వెనక ఉబ్బు దాకా.
యాభై అయిదున్నర.
పుట్టినప్పుడు చీనీకాయంత ఉండె
అని మీ అవ్వ ఇంకా చెప్తాది.

నా పేరు కుళ్ళాయప్ప.
పేరులోనే టోపీ ఉండాది, ఇంకోటి ఎందుకురా
అని మా జేజి నవ్వుతాండె.
ఆ ధైర్యంతోనే దిగినా ఎన్నేండ్లో
గుత్తి కొండ వెనక గొర్రెల దారి,
బోడి తలతో, హవాయి చెప్పులతో,
ముందు బ్రేకు లేని పాత సైకిలు మీద.
రాయి పేరడగదు.
ఈ కనుబొమ్మ మీద ఏడు కుట్లు.
ఎనిమిదో దానికి దారం చాల్లేదు.

బెంగళూరు నుంచి పార్సిలొచ్చింది,
గడ్డం దాకా మూసేది, సగం ధర,
నెమలి మెడ రంగు.
నువ్వప్పుడే అద్దం ముందర.
తియ్యి.
ఈ స్టిక్కరు ఇక్కడెందుకు అంటించినారు?
గోటితో గీకితే లేచింది.
కింద వెంట్రుక మందాన గీత.
లోపలి తెల్ల నురుగు బొటనవేలితో నొక్కితే
ఒక చోట అణిగింది, లేవలేదు.
ఇది ఎవరి తలనో ఒకసారి కాసింది,
దాని పని అయిపోయింది.
ఆ తల ఇప్పుడు ఏ సిగ్నలు దగ్గర ఈల వేస్తాందో,
ఏ మంచం మీద ఉందో
బిల్లులో రాసియ్యరు మనకు.

కొత్తదే కొందాం.
శెనక్కాయల డబ్బు సంగతి మీ అమ్మతో నేను మాట్లాడతా.

చెంపలు నొక్కుతాందా? నొక్కనీ,
రెండు పక్కలా బెల్లం ముక్క దాచుకున్నట్టు ఉండాల.
కాదు కాదు అని తల ఊపు.
నువ్వు కాదంటే అదీ నీతోపాటే కాదనాల.
నీ తర్వాత ఆలోచించుకొని కాదన్నదంటే
ఒక సైజు పెద్దది.
లోపల పసుప్పచ్చ పొర జరుగుతాందని జంకొద్దు,
జరగడానికే పెట్టినారు.
తల రాయికి తగిలి గిర్రున తిరిగితే
ఆ తిరుగుడులో కొంత అది మింగుతాది.
జడ నడినెత్తిన ఎత్తి కట్టొద్దు,
మెడ కింద వదులుగా అల్లు.
క్లిప్పు తీసెయ్. పడినప్పుడు అదీ ఒక రాయే.
గడ్డం కింద పట్టీలో రెండు వేళ్ళు దూరాల,
మూడు దూరితే ఊరేగింపుకు పెట్టుకున్నట్టు.

మోకాలి ప్యాడ్లు కూర్చుని చూసి కొనేవి కావు.
పో, ఆ సందు చివర దాకా తొక్కి రా.
చూసినావా, మడమల మీదికి జారినాయి.
ఇవి కడియాలు. వేరేవి తియ్యమను.

ఎండ నలభై రెండు, నాకూ తెల్సు.
లోపల కాలు ఉడికిపోతాది.
అందుకే తెల్లారి ఆరుకు పోదామనేది.
వేడికని విప్పి సంచిలో వేసుకున్నోళ్ళను చూసినా,
సంచి మాత్రం గీత పడకుండా ఇంటికొచ్చింది.
చేతులకు గ్లవ్స్ కూడా.
పడేటప్పుడు ఎవరైనా ముందు అరచేతులే ఇస్తారు,
జాలిముళ్ళకు ఆ సంగతి ఎప్పుడో తెల్సు.

నీకు సరిపోయింది బూడిద రంగుది.
మూడు దినాలు నాతో మాట్లాడలేదు నువ్వు.

ఆదివారం. గాలిలో గొర్రెల వాసన,
సీతాఫలం పొదల్లో ఒక తొండ మనల్నే చూస్తాంది.
సీటు వెనక్కి జరిగినావు,
మోచేతులు బయటికి, చూపు చక్రం మీద కాదు, మలుపు మీద.
ఇదంతా నేను నేర్పింది కాదు.
రెండో మలుపులో ఇసుకుంటాది,
ముందు బ్రేకు పట్టొద్దమ్మా
అని గొంతు చించుకున్నా.

వినపడలేదు.
చెవులు మూసేది ఏరి కొనిచ్చింది నేనే గదా.

కంకర శబ్దం కొండ చుట్టు తిరిగింది.
మొదటి మలుపు.
తర్వాత ఏమీ లేదు కాసేపు.
నా చెయ్యి ఊరికే పోయి
కనుబొమ్మ మీద కుట్లు లెక్కపెడతాంది.
ఆరు దాకా వచ్చినాక
కింద ఎక్కడో మళ్ళా కంకర.