దండెం మీద ఆచార్యులు

వరద తీసిన నాలుగోనాడు
కాలేజీ లైబ్రరీ తలుపు
ముగ్గురం తోస్తే గానీ తెరుచుకోలేదు.
లోపల మోకాలిలోతు ఒండ్రు,
బోర్లా పడుకున్న బీరువాలు,
ఎవరింటిదో ఒక ఇత్తడి చెంబు,
ఎట్లా వచ్చిందో.

నాగశయనం సారు చెప్పులిడిసి దిగినాడు.
"హుసేనమ్మా, తడి పుస్తకాన్ని తెరవొద్దు,
పసిబిడ్డకు మాదిరి కింద చెయ్యి పెట్టి ఎత్తు."
పదిహేడేళ్ళు వాటి దుమ్ము దులిపినదాన్ని,
చంకనెత్తుకున్నది ఆ రోజే.

అట్ట లేదు దానికి. ముందు పదహారు పేజీలూ లేవు.
ఎవరో ఎప్పుడో దానమిచ్చిన పుస్తకమంట,
అమెరికాలో ఒక గొప్ప విశ్వవిద్యాలయం చరిత్ర.
ఏ ఊరిది సార్ అంటే
"పేరున్న పేజీని తుంగభద్ర
చదువుకోను తీసుకపోయింది" అన్నాడు.
ఆ వారంలో ఆయన నవ్వింది అదొక్కసారే.

మిద్దె మీద నాపరాళ్ళు కాలుతుండాయి.
సుంకులమ్మ దగ్గర నలభై ఒక్క కొయ్యక్లిప్పులు అడుక్కొచ్చి
ఆచార్యులను ఒక్కొక్కరినే దండేనికి తగిలించినాను:
కప్ప గుండె కోసి చూసినాయన,
మాట్లాడేవాళ్ళు మిగలని భాషకు వ్యాకరణం రాసినాయన,
పాదిరి కాలరు పెట్టుకున్న మొదటి అధ్యక్షుడు,
మీసాల్లో మంచు పడ్డ ఒక లెక్కల సారు.
కర్నూలు ఎండకు
అందరూ ఒకే తీరున వంకర తిరిగినారు.

సారు గొడుగు కింద కూచోని
ఆరిన పేజీ ఆరినట్టు చదివి చెప్తుండె.
తొలి హాలు కట్టను డబ్బు చాలక
దాత అమ్మినవి ఇవీ:
రెండు గుర్రాలు, ఒక వంటమనిషి, ఆమె కొడుకు.
"గుర్రాలకు మాత్రం పేర్లు రాసినారు" అన్నాడు.
తర్వాత చాలాసేపు ఏమీ చదవలేదు.

ఇంకో పేజీలో అటకగది.
ఆకాశం ఫోటోలు ముందేసుకోని
పట్టపగలు చుక్కలు లెక్కపెట్టే ఆడోళ్ళు పదకొండు మంది,
గంటకింత అని కూలి.
బుడ్డలు ఒలిచే కూలి మాదిరే గదా సార్ అన్నాను.
"అంతే. కాకుంటే ఒకామె కొత్త చుక్కను కనుక్కుంది.
దానికి డైరెక్టరు పేరు పెట్టినారు."

ఎంత ఎండినా విడిపోని ఆకులు రెండు.
వరదకు ముందే చదివినాడు గాబట్టి
వాటిలో ఎవరున్నారో సారుకు తెలుసు.
ఒకవైపు, ఆడదాని మెదడు తూకమేసి
చదువుకు చాలదని తేల్చిన పండితుడు.
ఇంకోవైపు, ఆయన పెట్టిన పరీక్షలోనే మొదటొచ్చి
పట్టా లేకుండా వాపసు పోయిన పిల్ల.
ముఖానికి ముఖం అంటుకపోయినారు.
సారు బ్లేడు తీసినాడు.
ఉండనీ సార్ అన్నాను,
వాళ్ళకు మాట్లాడుకునేది ఉంటాది.

దండెం కొసన నా సొంతది ఒకటుండె.
మా ఇంట్లో నీళ్ళు వదిలిన కాగితం అదొక్కటే,
మా కాశింబీ పదోతరగతి మార్కుల లిస్టు.
లెక్కల్లో తొంభై రెండు.
తొమ్మిది కరిగిపోయి, రెండు మిగిలింది.
సారు జేబులోంచి పెన్ను తీసి
ఆ తొమ్మిదిని దిద్దబోయి ఆగినాడు.
దిద్దితే నేరమంట.
పక్కనే ఊగుతున్న మంచు మీసాలాయన
దానివైపు తిరిగినాడు.
గాలికే అనుకో.

రాత్రి లాంతరు పెట్టుకోని
కొత్త రిజిస్టరు మొదలుపెట్టినాము.
పుస్తకం పేరు: తెలీదు.
రాసినవారు: తెలీదు.
కొన్నదా, దానమా అనే గడి దగ్గర
సారు కలం నిలబడింది.
'నది' అని రాసినాడు.

క్లిప్పులు వాపసిస్తే నలభయ్యే తేలినాయి.
సుంకులమ్మ ఇప్పటికీ అడుగుతాది,
యాడ పోగొట్టినావే అని.
పోలేదు. హంద్రీ వైపు గోడ, మూడో అర,
అట్ట లేని ఆ పుస్తకంలో,
అంటుకున్న రెండాకుల అంచును కరుచుకోని ఉంది.
పోయినేడు దులిపేటప్పుడు తీద్దామనుకున్నా.
చెయ్యి రాలేదు.