కారణం లేని ఉర్కుడు

పొద్దుగాల నాలుగున్నరకు
కొడుక్కు పొట్టిగైన ట్రాకు ప్యాంటు తొడుక్కొని
సబ్ సెంటర్ తాళంచెవి నడుముకు చెక్కుకొని
ఉర్కుడు మొదలువెడుత.

మొదటి రోజు
బోరింగు కాడ ఈదమ్మ బిందె కింద వెట్టి
"ఎవలికేమైంది సిస్టరమ్మా?" అనడిగింది.
ఆమె తప్పేం లేదు.
మా దిక్కు ఎవ్వలూ ఊకెనే ఉర్కరు.
పాము గరిస్తె ఉర్కుతరు,
దేవరకొండ బస్సు కదిల్తె ఉర్కుతరు,
పల్లిచేన్ల పందులు వడితె ఉర్కుతరు.
ఇరవయ్యేండ్ల సంది నేనూ గంతే,
నొప్పులొచ్చిన ఇంటికల్ల
బ్యాగు సంకల వెట్టుకొని ఉర్కిన.
ఎవ్వలూ పిలువకుంట ఉర్కుడు
ఇదే మొదలు.

"ఎవలికేం గాలె, నాకే షుగరొచ్చింది" అన్న.
"షుగరొస్తె గింత పొద్దుగాల ఏడికి వోతున్నవే?" అన్నది.

నా తొవ్వ నాకు కిలోమీటర్లల్ల తెల్వది.
తూము నుంచి అలుగు దాక పదకొండు నూర్ల అడుగులు.
ఎడమకు నీళ్లు, కుడికి వరి,
ఎడమ చెంపకు సల్లగ, కుడి చెంపకు ఉక్కగ.
బుడుబుంగలు నన్ను జూసి మునుగుతయి,
లెక్క తప్పి నేను నిలవడితె
ఎక్కడ్నో తేలి నన్నే చూస్తయి.
తెప్ప మీద వల గుంజుకుంట పెంటయ్య
తలెత్తకుంటనే అంటడు
"ఇయ్యాల ఎనుకవడ్డవ్."
ఆయన చేతికి గడియారం లేదు.
నేనడుగలె, ఆయన జెప్పలె.

అలుగు దాటితె అడివి.
అమ్రాబాదోళ్లు చూస్తె నవ్వుతరు, అంత చిన్నది.
మోదుగలు, బలుసు పొదలు, సీతాఫలం చెట్లు,
నడుమ నడుమ పండుకున్న బర్ల లెక్క రాళ్లు.
మేకల బాట నా కాళ్ల మందమే ఉంటది.
ఎండుటాకులు అప్పడాలోలె పగుల్తయి,
ఆ సప్పుడుకు కంజులు బుర్రున లేస్తయి,
వాటెంట నా పానం గూడ లేస్తది.
ఓపారి
రాలిన మోదుగపూలు తొక్కద్దని కాలు ఎడంగేస్తె
మడిమె మడతవడ్డది.
మూడు రోజులు మంచం.
ఊరికి సుయి ఇచ్చేదాన్ని
నాకు నేనే సుయి ఇచ్చుకున్న.

బోడగుట్ట మలుపు కాడ తండా.
జమ్కి పెంచిన ఎర్రకుక్క
ఫర్లాంగు దూరం నన్ను తరుముతది.
నా స్పీడంత దాని పుణ్యమే.

మర్రొచ్చేటప్పుడు
కట్ట మొదట్ల రాతి మీద మైసవ్వ.
బోరునీళ్లు ఆమె ఎముకలల్ల
రాయై కూసున్నయి.
మెడ తిరుగది, మోకాలు సాగది.
నా రిజిస్టర్ల ఆమె పేరు పక్క
ఒక్క ముక్క ఉంటది, మందు పేరు ఉండది.
ఆమె ముందట్నుంచి ఉర్కుడంటె
నాకు సిగ్గయ్యేది.
కొన్ని దినాలు అక్కడికి రాంగనే నడిచేదాన్ని.
ఒకనాడు గట్టిగ తిట్టింది:
"ఉర్కేది ఉర్కక ఏం బిడ్డా,
నా లెక్క నడుస్తవేంది?"

అప్పట్నుంచి ఆమె పక్కన ఆగుత.
కాళ్లు సాపుమంటది.
వంకర వేళ్లతోటి నా ప్యాంటుకు అంటుకున్నయన్ని
ఒక్కొక్కటి ఏరుతది.
"ఇది మరులమాతంగి. శిఖంలకు దిగినవ్.
నీళ్లు అంత ఎనుకకు పోయినయా?"
"ఇది ఉత్తరేణి. పెద్ద రాయి పక్కపొంటి వచ్చినవ్.
మేం గడ్డిమోపులు దించుకునేది ఆడనే."
బూటు కింద పల్లేరుకాయ పీకి
చాన సేపు అరచేతిల వెట్టుకుంటది.
ముప్పై ఏండ్లాయె ఆమె అలుగు దాటక.

నిన్న నిద్ర వట్టింది, లేటయ్యింది.
అడివి దాక పోకుంట
సగం కట్ట మీదికెళ్లే మర్రిన.
మైసవ్వ నా కాళ్లు రెండు దిక్కుల తడిమి చూసింది.
"ఏందే," అన్నది,
"ఇయ్యాల ఏం తేలె?"

షుగరెంతుందో నెలకోపారి చూసుకుంట.
ఇయ్యాల మాత్రం
గుట్ట ఎనుక తొవ్వ వట్టిన,
ముండ్లు ఎక్కువుంటయని.